ప్రెయిస్ ఆదివారాలు

నేవన్,
11 అక్టోబరు 2020

ప్రియమైన సరోజకు,

ఫోనులో ఇద్దరమూ ఇక్కడివాళ్లలా "గ్రాండ్, గ్రాండ్", బాగానే ఉన్నాం అనుకుని పెట్టేస్తున్నాం, చెప్పాల్సింది ఏదైనా ఉంటే కాగితం మీద రాయండి అన్నావు. తెలుగులో ఉత్తరం రాసి ఇరవై ఏళ్లు దాటింది. ఒత్తులు తప్పితే నువ్వే సర్దుకుని చదువుకో.

నేను బాగానే ఉన్నాను. గోడౌన్‌లో పని ఆగలేదు. పాలూ బ్రెడ్డూ అందరికీ కావాలి కాబట్టి మమ్మల్ని ఇంట్లో కూర్చోమని ఎవరూ అనలేదు. కోవిడ్ అని ఐర్లండ్ అంతటా కౌంటీ దాటకూడదని మళ్ళీ పెట్టారు, అందుకని కాజిల్‌బార్ రావడం ఇప్పట్లో కుదరదు. నువ్వు వార్డులో మాస్కు తీసి టీ తాగేటప్పుడు జాగ్రత్తగా ఉండు. నర్సుకు నేను చెప్పడమేమిటని నవ్వుకోకు.

రాయడానికి అసలు కారణం వేరే ఉంది. మన కారిగ్ రోవర్స్ ఫుట్‌బాల్ గ్రౌండును రగ్బీ వాళ్లతో పంచుకోవాలని క్లబ్బు కమిటీ అనుకుంటోందట. బ్లాక్‌వాటర్ రగ్బీ క్లబ్బుకు ఇన్నాళ్లూ లీజుకిచ్చిన పొలం ఆసామి దాన్ని ఇళ్లు కట్టేవాళ్లకు అమ్మేశాడు. వాళ్లకి ఆడటానికి చోటు లేదు. మనకేమో ప్రేక్షకులు లేక గేటు మూతపడి ఉంది. రెండు క్లబ్బులూ కలిస్తే ఇద్దరమూ బతుకుతామని కమిటీ వాదన.

సరోజా, ఆ పచ్చిక నీకు తెలుసు. నవంబరు వచ్చిందంటే మనవాళ్లు ఆడితేనే గోలు ముందు బురదవుతుంది. రగ్బీలో ఎనిమిదిమంది తలలు దించి ఇంకో ఎనిమిదిమందిని తోస్తారు. రెండు వారాల్లో అది దున్నిన చేనే. అది కూడా ఓర్చుకోవచ్చు. కానీ వాళ్లకి బట్టలు మార్చుకునే గదులు కావాలట, అందుకోసం మనం నిలబడి మ్యాచ్ చూసే రేకుల షెడ్డు పడగొడతారట.

మన షెడ్డు. మనబ్బాయి ప్రెయిస్ పక్కన నేను నిలబడిన చోటు. వాడు పోయిన తర్వాత కూడా ప్రతి మ్యాచ్‌కీ అక్కడే, అదే మెట్టు మీద నిలబడుతున్నాను. సమాధి దగ్గర నాకు వాడు కనిపించడు, అక్కడ కనిపిస్తాడు.

ఇప్పుడు లోపలికి రానివ్వరు కాబట్టి మ్యాచ్ ఉన్న రోజు ఫెర్గస్, నేనూ గోడ బయట నిలబడి ఆటగాళ్ల కేకలు వింటున్నాం. ఫెర్గస్ గుర్తున్నాడుగా, టికెట్లు చించే ముసలాయన. "మనం లోపల లేని సమయం చూసి ఇల్లు ఖాళీ చేయిస్తున్నారు నతానియేల్," అన్నాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి, గోడకేసి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. అభిమానులమంతా కలిసి ఎదిరించాలని అనుకుంటున్నాం. నన్ను మాట్లాడమంటున్నారు.

వేళకి తిను.

నీ
నతానియేల్

~

కాజిల్‌బార్,
1 నవంబరు 2020

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం చేరింది. ఒత్తులన్నీ సరిగానే ఉన్నాయి. రెండుసార్లు చదివాను.

ఇక్కడ వార్డులో రోజులు ఒకదానికొకటి తేడా లేకుండా పోతున్నాయి. గౌను, గ్లవ్స్, కళ్లద్దాలు వేసుకున్నాక పేషెంట్లకు మాలో ఎవరు ఎవరో తెలియదు. ఒక పెద్దావిడ నన్ను మూడు రోజులు "నోరా" అని పిలిచింది. నేనూ పలికాను. ఆమెకి కావాల్సింది నోరానే.

గ్రౌండు సంగతి. మీకు బాధగా ఉంటుందని తెలుసు. అయినా అడుగుతున్నాను, ఆ రగ్బీ పిల్లలు ఎక్కడికి పోతారు? పచ్చిక మళ్లీ మొలుస్తుంది. షెడ్డు రేకులు ఎలాగూ తుప్పు పట్టాయి. వాళ్లూ ఈ ఊరి పిల్లలే కదా. ఇంత కష్టకాలంలో రెండు క్లబ్బులు ఒక చోట సర్దుకుంటే తప్పేమిటో నాకు అర్థం కాలేదు.

మీరు మాట్లాడితే మాట్లాడండి. కానీ ప్రెయిస్ పేరు అందులోకి తేవద్దు. వాడికి ఆ షెడ్డు అంటే ఎంత ఇష్టమో మీరు చెబుతుంటారు. వాడి నోటితో ఎప్పుడైనా అన్నాడా? కోప్పడకండి. ఊరికే అడిగాను.

మందులు మానొద్దు. జీపీ డాక్టరు దగ్గర బీపీ చూపించుకుని ఎంత ఉందో రాయండి.

మీ
సరోజ

~

నేవన్,
6 డిసెంబరు 2020

ప్రియమైన సరోజకు,

నీ ఉత్తరం చదివి వెంటనే రాస్తే కటువుగా రాస్తానని నెల ఆగాను.

వాడి నోటితో అన్నాడా అని అడిగావు. మూడేళ్లు వాడు నాతో ఆ షెడ్డు కింద నిలబడ్డాడు. పెద్దవాళ్ల మ్యాచ్ అయ్యేదాకా కదిలేవాడు కాదు. అండర్-15 జట్టుకి వాడు గోల్‌కీపరు. తెనాలిలో నేను ఏ చోట ఆడానో అదే చోట నా కొడుకు ఐర్లండులో ఆడాడు. ఇంతకంటే ఏమనాలి? మన పిల్లలు తక్కువ మాట్లాడతారు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో రెండు ముక్కలు చెబుతారు. ఆ రెండు ముక్కల్లో ఇష్టం ఎంతుందో తండ్రికి తెలియదా?

వాడి పేరు తేవద్దన్నావు. అప్పటికే ఆలస్యమైంది. జనవరి మీటింగులో క్లబ్బు సభ్యులు ఓటు వేసి తేలుస్తారట, అందుకని అభిమానుల తరఫున ఒక విన్నపం రాసి ఇంటింటికీ వేశాం. దాని మీద వాడి ఫోటో ఉంది, చేతులకు పెద్ద గ్లవ్స్ వేసుకున్నది. కింద, "ఈ షెడ్డు కింద పెరిగిన పిల్లవాడి తండ్రి మిమ్మల్ని వేడుకుంటున్నాడు" అని ఫెర్గస్ రాయించాడు. అది చూసి అంతవరకు అటూ ఇటూ ఊగినవాళ్లు చాలామంది మా వైపు వచ్చారు. కాగితం పట్టుకుని ఒకావిడ మన గుమ్మం ముందు నిలబడి ఏడ్చింది.

నాలుగు రోజుల కింద రగ్బీ వాళ్ల కోచ్ డెక్లన్ అనే అతను ఫోన్ చేశాడు. నా నంబరు ఎవరిచ్చారో తెలియదు. "మిస్టర్ నతానియేల్, ఓటు గురించి కాదు, మీ అబ్బాయి గురించి ఒక్క మాట" అన్నాడు. నా బిడ్డ పేరుతో నన్ను మెత్తబరచాలని చూస్తున్నాడని ఒళ్లు మండింది. "మా అబ్బాయికీ మీకూ ఏ సంబంధమూ లేదు, ఇంకోసారి చేస్తే గార్డా పోలీసులకి చెబుతాను" అని పెట్టేశాను. తప్పు చేశానని అనుకోవడం లేదు.

పద్దెనిమిది నుంచి కౌంటీ దాటనిస్తారట. క్రిస్మస్‌కి వస్తాను. గోంగూర పచ్చడి సీసా డబ్లిన్ నుంచి తెప్పించాను, తెస్తాను.

నీ
నతానియేల్

~

కాజిల్‌బార్,
17 జనవరి 2021

ప్రియమైన మీకు,

ఎక్కువ రాయలేను. పండగ తర్వాత పేషెంట్లు ఇంతమంది వస్తారని ఎవరమూ అనుకోలేదు. మాతో పనిచేసేవాళ్లలోనే చాలామంది జబ్బున పడ్డారు. నిన్న ఒకాయన పోయేటప్పుడు కూతురికి వీడియో కాల్ పెట్టి ఫోన్ పట్టుకుని నేను నిలబడ్డాను. గ్లవ్స్‌లో ఫోను పక్కకు జారి ఆమెకి తండ్రి ముఖం సరిగా కనపడలేదేమోనని ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. మీరు ఉన్న నాలుగు రోజులే ఏడాది కాలంలో నేను నిద్రపోయిన రోజులు.

ఆ నాలుగు రోజులూ మీకో సంగతి చెప్పాలని చూశాను. క్రిస్మస్ రోజు భోజనాల దగ్గర నోటిదాకా వచ్చింది. ఫెర్గస్ ఫోన్ వచ్చింది, ఇంకో పదకొండు ఓట్లు దొరికాయని. మీరు ఎంతో కాలానికి నవ్వారు. ఆ నవ్వు చూశాక చెప్పలేకపోయాను.

ఒక్కటి అడుగుతున్నాను. ముప్పైన మీటింగులో మీరు మాట్లాడొద్దు. ఓటు మీ ఇష్టం వచ్చినట్టు వేయండి, మాట్లాడటం మాత్రం వేరేవాళ్లకి వదిలేయండి. ఎందుకని అడగకండి. ఎదురుగా కూర్చుని చెబుతాను. పెళ్లయ్యాక మిమ్మల్ని కారణం చెప్పకుండా ఏమీ అడగలేదు.

మీ
సరోజ

~

నేవన్,
2 ఫిబ్రవరి 2021

ప్రియమైన సరోజకు,

మనం గెలిచాం. నూట పన్నెండు మంది వద్దన్నారు, నలభై ఒక్కరు కావాలన్నారు.

నువ్వు వద్దన్నా నేను మాట్లాడాను. మాట్లాడకూడదనే కూర్చున్నాను. మీటింగు జూమ్‌లో కదా, తెర నిండా చిన్న చిన్న గళ్లలో ముఖాలు. కమిటీ వాళ్లు మొదట లెక్కలు, ప్లానులు చూపించారు. తర్వాత ఆ డెక్లన్ మాట్లాడాడు. మంచి మాటకారి కాదు. "మా దగ్గర తొంభైమంది పిల్లలున్నారు. సెప్టెంబరులో వాళ్లని ఎక్కడికి రమ్మనాలో నాకు తెలియడం లేదు" అన్నాడు, అంతే. జనం మెత్తబడుతున్నారని అర్థమైంది. ఫెర్గస్ నన్ను పిలిచాడు, "నతానియేల్, అందరూ నీ కోసం చూస్తున్నారు" అని.

అప్పుడు చెప్పాను. నేను ఈ దేశం వచ్చినప్పుడు అందరికీ నర్సుగారి భర్తనని, ఆ షెడ్డు కింద నిలబడ్డాకే నతానియేల్‌నయ్యానని చెప్పాను. నా కొడుకు పదిహేనేళ్లకి రెండు రోజుల జ్వరంతో వెళ్లిపోయాడని, వాడికి ఈ భూమ్మీద అన్నిటికంటే ఇష్టమైన చోటు అదేనని, దాన్ని పడగొట్టి ఆ ఆట ఆడేవాళ్లకి ఇస్తే వాణ్ణి నేను రెండోసారి పూడ్చినట్టని చెప్పాను. "అది ఆట కాదు, కుమ్ములాట. నా బిడ్డని దాని దరిదాపులకి కూడా పోనివ్వలేదు" అని కూడా అన్నాను.

డెక్లన్ తన గడిలో తల దించుకుని కూర్చున్నాడు. జవాబు చెప్పమంటే, "ఆ తండ్రికి నేనేం చెప్పను" అని టోపీ తీసి పక్కన పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కానీ మైకులు ఆపేసి ఉన్నాయి కాబట్టి చేతులు కదలడమే కనిపించింది, చప్పుడు లేదు.

ఆ తర్వాత లాప్‌టాప్ మూసేశాను. గెలిచినవాడికి ఉండాల్సిన సంతోషం నాకు రాలేదు. అన్నం పెట్టుకుని, తినకుండా ఫ్రిజ్‌లో పెట్టేశాను. నువ్వు ఎందుకు వద్దన్నావో అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. ఇప్పుడు రాయి. అయిదు కిలోమీటర్లు దాటనివ్వని రోజుల్లో ఎదురుగా కూర్చోవడం ఎప్పటికో.

నీ
నతానియేల్

~

కాజిల్‌బార్,
21 ఫిబ్రవరి 2021

ప్రియమైన మీకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది కూర్చుని చదవండి.

ప్రెయిస్ రగ్బీ ఆడాడు. బ్లాక్‌వాటర్ క్లబ్బులోనే, రెండేళ్లు. ఆదివారం పొద్దున మీకు గోడౌన్‌లో డ్యూటీ ఉండేది. మీరు ఒంటిగంటకి వచ్చేవారు, మూడింటికి లూకన్‌లో మన తెలుగు ప్రార్థన కూడికకి వెళ్లేవాళ్లం. ఆ పొద్దుటి పూట వాణ్ణి నేను గ్రౌండుకి తీసుకుపోయేదాన్ని. ఫారం మీద సంతకం నాదే. జెర్సీ ఉతికి హాట్ ప్రెస్సులో, ఆ వేడినీళ్ల ట్యాంకు అల్మరాలో, దుప్పట్ల వెనక ఆరేసేదాన్ని. భుజాల మీద కమిలిన మచ్చలు చూసి మీరు అడిగితే, స్కూల్లో పడ్డానని వాడు చెప్పాడు, నేను అవునన్నాను.

మొదలైంది ఎలాగో కూడా చెప్పాలి. వాడు గోల్‌కీపరని మీరు అంటారు. రెండు సీజన్లలో వాడు ఆడింది నాలుగు మ్యాచ్‌లు. మిగతావన్నీ బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్లు పెద్దది, కదలిక నెమ్మది, పిల్లలు వాణ్ణి "ఫ్రిజ్" అనేవాళ్లు. మీరు షెడ్డు కింద నిలబడి వాడి భుజం మీద చెయ్యేసి మీ తెనాలి కబుర్లు చెప్పేవారు. మ్యాచ్ అయ్యేదాకా వాడు కదిలేవాడు కాదన్నారు. మీరు కదలలేదు కాబట్టి వాడు కదలలేదండీ.

రగ్బీలో ఆ ఒళ్లే కావాల్సి వచ్చింది. స్కూలు స్నేహితుడు ఒకరోజు తీసుకెళ్లాడు. తిరిగొచ్చి వంటింట్లో నిలబడి, "మామ్, దే నీడెడ్ మీ" అన్నాడు. వాడు ఆ మాట అన్నప్పటి ముఖం నేను ఇంకెప్పుడూ చూడలేదు. మీకు చెబుదామన్నాను. ఆ వారమే టీవీలో రగ్బీ వస్తుంటే మీరు అన్నారు, మెడలు విరగ్గొట్టుకునే ఆట, మనిషన్నవాడు ఆడడు అని. వాడు విన్నాడు. "డాడీకి అప్పుడే వద్దు. ఏదైనా పెద్ద జట్టుకి ఎంపికయ్యాక చెబుతా, అప్పుడు ఏమీ అనలేరు" అన్నాడు. ఎంపిక ఏప్రిల్‌లో ఉంది. జ్వరం మార్చిలో వచ్చింది.

సమాధి కార్యక్రమానికి ఇరవైమంది మగపిల్లలు తెల్ల చొక్కాలు వేసుకుని వచ్చి వెనక నిలబడ్డారు. వాళ్లు స్కూలు పిల్లలనుకుని మీరు చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పారు. వాళ్లు వాడి జట్టు. జెర్సీలతో వస్తామంటే నేనే వద్దన్నాను. వాళ్లతో ఉన్న పొడుగాటి మనిషి డెక్లన్.

ఎందుకు చెప్పలేదని అడుగుతారు. వాడు పోయాక మీకు మిగిలింది ఆ షెడ్డు ఒక్కటే. ప్రతి శనివారం మీరు స్కార్ఫ్ చుట్టుకుని, లేని పిల్లవాడి కోసం, వాడు ఎప్పుడూ సుఖంగా నిలబడని చోటికి వెళ్తుంటే, గుమ్మంలో నిలబడి చూడటం నా వల్ల కాలేదు. చెబితే అదీ పోతుంది. చెప్పకపోతే నేను ఆ ఇంట్లో ఊపిరి తీసుకోలేను. అందుకే కాజిల్‌బార్‌లో ఉద్యోగం చూసుకున్నాను. ప్రమోషన్ కోసం అని మీకు చెప్పింది అబద్ధం.

మీటింగులో మీరు ఏమన్నారో చదివాక నాకు మీ మీద కోపం రాలేదు. నా మీదే వచ్చింది. క్రిస్మస్ రోజు నోరు తెరిచి ఉంటే సరిపోయేది.

క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు.

సరోజ

~

నేవన్,
18 ఏప్రిల్ 2021

ప్రియమైన సరోజకు,

రెండు నెలలు నీకు రాయలేదు, ఫోను ఎత్తలేదు. బతికే ఉన్నానని మాత్రం మెసేజ్ పెట్టాను. ఆ రెండు నెలల సంగతి రాస్తాను.

మొదటి వారం నిన్ను తిట్టుకున్నాను. ఒక్క మాట చెప్పి ఉంటే, వాడు ఉండగానే చెప్పి ఉంటే, నేను ఆ గట్టున నిలబడి వాణ్ణి చూసి ఉండేవాణ్ణి. రెండేళ్ల ఆదివారాలు నా దగ్గర్నుంచి ఎత్తుకుపోయావని అనుకున్నాను. తర్వాత ఆ టీవీ ముందు నేనన్న మాట గుర్తు తెచ్చుకోవాలని చూశాను. గుర్తు రాలేదు. నాకు గుర్తు కూడా లేని మాటకి నా కొడుకు రెండేళ్లు భయపడ్డాడు.

మార్చిలో కమిటీకి రాశాను, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, మళ్లీ ఓటింగు పెట్టండి అని. కుదరదన్నారు. ఫెర్గస్ ఇంటికి వెళ్లి వాకిట్లో నిలబడి అడిగాను. "నువ్వు చెప్పిందానికే కదయ్యా మేమంతా చెయ్యెత్తాం. ఇప్పుడు అది నిజం కాదంటే మేమేం చెయ్యాలి?" అన్నాడు. కోపంగా అనలేదు. కిటికీ అద్దం అవతల్నుంచి ముసలాయన నన్ను జాలిగా చూశాడు.

పోయిన సోమవారం కౌంటీలో తిరగనిచ్చారు. బ్లాక్‌వాటర్ గ్రౌండుకి బస్సులో వెళ్లాను. చుట్టూ ఇనుప కంచె, లోపల జేసీబీ. పచ్చిక సగం తవ్వేశారు. పక్కనే ఉన్న డాబా ఇల్లు డెక్లన్‌దని ఎవరో చెప్పారు. తలుపు కొట్టి నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాను. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. రెండు కుర్చీలు దూరం దూరంగా బయట వేశాడు.

క్లబ్బు మూసేశారట సరోజా. పెద్ద పిల్లలు కొందరు వేరే ఊళ్ల క్లబ్బులకి పోయారు. కార్లు లేని ఇళ్ల పిల్లలు మానేశారు. తొంభైమందిలో అలా మానేసినవాళ్లే ఎక్కువ. "మీ తప్పు కాదు, మా అదృష్టం అలా ఉంది" అన్నాడు. నేను క్షమించమన్నాను. ఇద్దరమూ జేసీబీ వైపు చూస్తూ కూర్చున్నాం.

చివరికి అడిగాను, "ఆ రోజు ఫోన్‌లో ఏం చెప్పబోయారు?" అని. అతను చెప్పాడు. ప్రతి ఆదివారం ఆట అయ్యాక ప్రెయిస్ అతని దగ్గరికి వచ్చి, "నెక్స్ట్ వీక్ ఐ విల్ బ్రింగ్ మై డాడ్" అనేవాడట. ప్రతి ఆదివారం. నేను వస్తే కూర్చోబెట్టడానికి డెక్లన్ ఒక మడత కుర్చీ కూడా కారులో ఉంచుకునేవాడట.

అంతే, నా వల్ల కాలేదు. ఇంకేమీ అడగకుండా లేచి వచ్చేశాను. వాడు ఎలా ఆడేవాడో, ఏ చోట ఆడేవాడో అడగడానికి నోరు రాలేదు. పరాయి మనిషిని నా కొడుకు గురించి నేనెలా అడగను?

నిన్ను క్షమించానో లేదో తెలియదు. నన్ను నేను క్షమించుకోలేదని మాత్రం తెలుసు. నువ్వు ఇంటికి రావద్దు, నేను కూడా ఇప్పుడే అక్కడికి రాను. ఎదురుగా కూర్చుంటే మళ్లీ ఇద్దరమూ బాగానే ఉన్నామనుకుని లేచిపోతాం.

ఇలాగే రాసుకుందాం. నాలుగేళ్లుగా నేను ఏడ్చింది నేను కల్పించుకున్న పిల్లవాడి కోసం. నిజంగా పుట్టి, పెరిగి, ఆడి, పోయినవాడు నీకొక్కదానికే తెలుసు. వాడి గురించి నాకు రాయి. జెర్సీ మీద నంబరెంత? బురదలో పడితే నవ్వేవాడా? తోపులాటలో ముందుండేవాడా, వెనకా? దారిలో కారులో నీతో ఏం మాట్లాడేవాడు? గెలిచిన రోజు ఏం తినిపించమనేవాడు?

ఒకేసారి అంతా వద్దు. ఒక ఉత్తరానికి ఒక ఆదివారం చాలు. మొదటి ఆదివారం నుంచి మొదలుపెట్టు.

నతానియేల్